దానయ్యన్న పదిన్నర గంటలు

నిన్న సాయంత్రం హత్నూర దగ్గర మా ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో ఉన్నవి ఇవి: కొత్తగా పాతిన ఇనుప గొట్టాలు రెండు, వాటి మధ్య ఇంకా బిగించని వల ఒకటి, మూతి విప్పిన సున్నం బస్తా ఒకటి, రబ్బరు పైపు ఒకటి, ప్యాకింగ్ విభాగంలో పనిచేసే కుర్రాళ్లు ఏడుగురు, టేపు పట్టుకుని నేను. కోర్టు కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని వాళ్లు నన్ను పిలిచారు. పొడవు పద్దెనిమిది మీటర్లు, వెడల్పు తొమ్మిది. కొలిచాను, సరిపోయింది. ఒకడు పైపుతో నేల తడిపాడు. ఇంకొకడు పిడికిలి నిండా సున్నం తీసుకుని తాడు వెంట వదులుకుంటూ నడిచాడు. తడి మట్టి మీద సున్నం పడగానే ఒక వాసన లేచింది. గొంతులో కొంచెం గరగర, ముక్కులో కొంచెం చల్లదనం. ఆ వాసన తగిలితే నాకు ఒక పాస్టరు గుర్తొస్తాడు. ఆ మాట అంటే కుర్రాళ్లు నవ్వారు. సున్నానికీ పాస్టరుకూ సంబంధం ఏమిటని అడిగారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ఆయన పేరు దానయ్య. ఊరు జోగిపేట వైపు. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటు. ఇస్నాపూర్ అవతల, కార్మికులు కిరాయికుండే బస్తీలో, రేకుల కప్పు వేసిన ఒక చిన్న గుడికి పాస్టరు. చుట్టుపక్కల వాడలన్నిటికీ బోరింగులు బాగుచేసే మనిషి. డ్యూటీ లేని సాయంత్రాలన్నీ వాలీబాల్ ఆడేవాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి, ఇరవై రెండేళ్ల వయసులో అదే ఫ్యాక్టరీలో జూనియర్ ఇంజనీరుగా చేరినప్పుడు ఆయనకు నలభై ఆరు. కాగితం మీద ఆయన నా కింద పనిచేసేవాడు. అందుకని గేటు లోపల నన్ను "సార్" అనేవాడు, గేటు బయట "తమ్మీ" అనేవాడు. ఈ హద్దు ఎంత కచ్చితమంటే, ఒకసారి ఇద్దరం కలిసి బయటికి వస్తున్నప్పుడు "ఫీడ్ పంపు గ్లాండు రేపే మార్చాలె సార్" అన్న మాట గేటు లోపలే ముగిసింది. రెండడుగులు దాటగానే "మొకమేంది గట్ల పీక్కపోయింది, పొద్దుగాల తిన్నవా తమ్మీ?" అన్నాడు. ఒకే మనిషి, ఒకే గొంతు. మధ్యలో గేటుకు అడ్డంగా ఒక ఇనుప గొలుసు, అంతే.

బాయిలర్ దగ్గర ఆయన్ని మొదటిసారి గమనించింది చేరిన రెండో వారంలో. పాస్టరు అని విన్నాను కాబట్టి, డ్యూటీలో బైబిలు చదువుతూ దొరుకుతాడేమోనని నా అనుమానం. కొత్త ఇంజనీరుకు ఎవరో ఒకరిని పట్టుకోవాలన్న ఉబలాటం ఉంటుంది. నేను వెళ్లేసరికి ఆయన నీటి మట్టం చూపించే గాజు గొట్టం ముందు నిలబడి ఉన్నాడు. వాళ్ల భాషలో అది నీళ్ల గ్లాసు. ఒక ఫిట్టరు ఆయన పక్కకు వచ్చి బతిమాలుతున్నాడు.

"అన్నా, బిడ్డకు రాత్రి సంది జరం. జెర ప్రార్థన చెయ్యవా?"

"బిడ్డ పేరేంది?"

"స్వప్న."

"రెండు గంటలకు డ్యూటీ దిగంగనే సక్కగ మీ ఇంటికే వస్త. ఇప్పుడైతె నేను కండ్లు మూయొద్దు. మూస్తె నీళ్లు ఎటు పోతయో తెల్వదు. బాయిలర్ లేస్తె మనమిద్దరం లేస్తం. ఇగ బిడ్డ కాడికి పోయేటోడెవడు?"

ఫిట్టరు నవ్వాడు. ఆయన నవ్వలేదు, గ్లాసు మీది నుంచి చూపు తిప్పలేదు. రెండు గంటల నలభై నిమిషాలకు ఆయన సైకిలు ఆ ఫిట్టరు ఇంటి ముందు ఆగిందని తరువాత తెలిసింది. డ్యూటీలో దేవుని మాట ఎత్తితే పట్టుకుందామని వెళ్లిన నేను, ఎత్తనందుకు కొంచెం నిరాశగా వెనక్కి వచ్చాను.

సంగారెడ్డిలో నేను పెరిగిన గుడికి పెద్ద గంట ఉండేది. ఇక్కడ నేను వెళ్లడం మొదలుపెట్టిన దానయ్యన్న గుడికి గంట లేదు, ఫ్యాక్టరీ సైరన్ ఉంది. రాత్రి షిఫ్టు వాళ్లు ఆరింటికి దిగుతారు కాబట్టి మొదటి ఆరాధన ఏడింటికి. పొద్దుటి షిఫ్టు వాళ్లు రెండింటికి దిగుతారు కాబట్టి రెండోది మూడున్నరకు. ఆయనకే ఆదివారం డ్యూటీ పడితే ఒక ఆరాధన లూకయ్య తాత నడిపేవాడు. లూకయ్య తాత మా సంఘ పెద్ద. ఒక రంగుల ఫ్యాక్టరీలో టైమ్ కీపరుగా ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన మనిషి. గుడిలోకి ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో పాట ఆపకుండానే చేతివేళ్లతో చూపించగలడు. దానయ్యన్న ప్రసంగం మాత్రం ఎప్పుడూ పద్దెనిమిది నిమిషాలే. నేను నాలుగు ఆదివారాలు గడియారం చూసి నిర్ధారించుకుని, ఆ లెక్క ఎక్కడిదని అడిగాను.

"పదిహేనుకు చెప్పుడు ఒడవదు తమ్మీ. ఇరవైకి ముందటి వరుస ఒరుగుతది. చూసి చూసి పద్దెనిమిదికి బిగించిన."

అప్పటికీ ఒకరిద్దరు ఒరిగేవారు. రాత్రంతా రియాక్టర్ల దగ్గర నిలబడి వచ్చిన భర్తను ఒకావిడ మోచేత్తో పొడుస్తుంటే, ఆయన ప్రసంగం మధ్యలో ఆగి, "పండుకోనియ్యమ్మా. ఎనిమిది గంటలు నిలవడొచ్చిండు. వాక్యం ఏడికి పోతది, వచ్చే వారం గూడ ఈడనే ఉంటది" అన్నాడు. గుడంతా నవ్వింది. ఆ నవ్వుకు పడుకున్నవాడు లేచి కూర్చుని తనే గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఇక వాలీబాల్. బస్తీ చివర, ఒక గోదాము గోడ పక్కన కోర్టు. సాయంత్రం ఐదుంబావు నుంచి ఏడు దాకా. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారం ఆయన రాలేడు కాబట్టి మూడు వారాల్లో రెండు వారాలు ఆడేవాడు. వచ్చిన రోజు నేల తడిపి సున్నం గీసేది ఆయనే. ఖాకీ నిక్కరు, చేతుల బనీను, కాళ్లకు ఏమీ లేవు. మోకాళ్ల దాకా సున్నపు పొడి. ఆయన జట్టులో బంతి ఎత్తి ఇచ్చేది ఖాజా భాయ్. మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగా వెల్డింగ్ షాపు నడిపే మనిషి, మాటకు ముందు నవ్వుతాడు. బంతి పైకి లేపి, "ఏంది పాస్టర్ సాబ్, ఉపాసమున్నవా? జెర ఎగురు!" అని అరిచేవాడు. నలభై ఆరేళ్ల మనిషి మూడడుగులు పరుగెత్తి గాలిలోకి లేచేవాడు. ఒక్క క్షణం అక్కడే ఉన్నట్టుండేది. తరువాత చప్పుడు. అవతలి జట్టు వాళ్లు, "పాస్టర్‌ను ఆపుండ్రిరా! పాస్టర్‌ను కొట్టుండ్రిరా!" అని కేకలు. ఆయన నేలకు దిగి చేతులు దులుపుకుని, "కొట్టుండ్రి చూద్దాం, కొట్టుడొస్తె గదా మీకు" అని పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాడు.

అది నాకు నచ్చేది కాదు. దానికి కారణం తెలియాలంటే నా గురించి చెప్పాలి. డిప్లొమా చివరి ఏడాదిలో నాకు భక్తి బలంగా పట్టింది. పట్టినప్పుడు నేను చేసిన మొదటి పని ఒక జాబితా రాయడం: దేవునికి పనికొచ్చేవి ఒకవైపు, పనికిరానివి ఇంకొకవైపు. రెండో వైపు ఉన్నవన్నీ వదిలేశాను. ఆ వదలడంలో ఒక గర్వం కూడా ఉండేది. అలాంటివాణ్ని, చేతిరాత బాగుంటుందని సంఘానికి సెక్రెటరీని చేశారు. లూకయ్య తాత ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"సెక్రెటరీ, పాస్టరనేటోడు నిక్కరేసుకొని ఎగురుడేందయ్యా? పెండ్లికి పిలవనీకె వచ్చినోళ్లు గోడకాడ నిలవడి చూస్తున్రు. ఆయనకు చెప్పాలె. నోటి మాట వినడు. నువ్వు చదువుకున్నోనివి, లెక్క పెట్టి చూపియ్యి."

నాకు అంతకన్నా ఏం కావాలి? వారం పాటు వివరాలు సేకరించి గ్రాఫు కాగితం మీద పట్టిక గీశాను. మూడు గడులు: పని, గంటలు, ప్రయోజనం. బాయిలర్ నలభై ఎనిమిది గంటలు, ప్రయోజనం జీవనాధారం. ఆరాధనలు, వాటికి సిద్ధపడటం తొమ్మిది గంటలు, ప్రయోజనం సువార్త. బోరింగులు ఏడు గంటలు, పరోపకారం. ఇళ్లకు వెళ్లి పలకరించడం నాలుగు గంటలు, పరామర్శ. వాలీబాల్ పదిన్నర గంటలు. దానికి ఎదురుగా ప్రయోజనం గడిలో ఎర్ర సిరాతో అడ్డగీత. కింద తొమ్మిది అభ్యంతరాలు వరుస సంఖ్యలతో రాశాను. మొదటిది నిక్కరు. ఐదోది, "పాస్టరును కొట్టండి" అని బహిరంగంగా కేకలు వేయబడుట.

ఆదివారం రెండో ఆరాధన తరువాత కమిటీ కూర్చుంది. లూకయ్య తాత, నేను, ఇంకో ఇద్దరు పెద్దలు, స్త్రీల తరఫున దానయ్యన్న భార్య సుగుణక్క. ఎదురుగా దానయ్యన్న. నేను నిలబడి తొమ్మిదీ చదివాను. లూకయ్య తాత గొంతు సవరించుకుని, "ఒకటి ఉండాలె. బంతి అన్న ఉండాలె, పులిపీఠమన్న ఉండాలె. వచ్చే ఆదివారం చెప్పాలె" అన్నాడు. ప్రసంగం చెప్పే ఆ పీఠం మీద దానయ్యన్న పదకొండేళ్లుగా నిలబడుతున్నాడు. ఆ రేకులు ఎత్తింది కూడా ఆయన చేతులే. నేను ఆయన ముఖంలో కోపం వెతికాను. ఆయన నా పట్టిక అందుకుని, చేయి చాచి దూరంగా పెట్టుకుని, బాయిలర్ డ్రాయింగ్ చూసినంత శ్రద్ధగా చూశాడు.

"గీతలు మంచిగ గీసినవ్ తమ్మీ. నా వారం గిట్లుంటదని నాకే తెల్వదు. కాని దూరంకెల్లి రాసినవ్. ఇంకో వారం రాయి, నా ఎంబడి తిరిగి రాయి. బంతి కాడ లైన్ మీద నిలవడు. మాకెట్లాగు అంపైర్ లేడు."

"ఏందయ్యా, పంచాది పెడితె నౌకరీ ఇస్తున్నవ్?" అన్నాడు లూకయ్య తాత. సుగుణక్క మొహం తిప్పుకుని నవ్వింది.

అలా సోమవారం నుంచి నా డ్యూటీ అవగానే ఆయన వెంట తిరిగాను. జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు. సోమవారం, మంగళవారం బంతి, తరువాత ఒక వీధి బోరింగు. బుధవారం ఆట మొదలై అరగంట కాకముందే ఒక మనిషి గోడ దగ్గరికి వచ్చి, లోడింగు చేసే ఒకతని తండ్రి పోయాడని చెప్పాడు. సర్వీసు చేయడానికి ఎత్తిన బంతిని దానయ్యన్న అక్కడే ఖాజా భాయ్ చేతిలో పెట్టాడు. నిక్కరు మీద ప్యాంటు తొడుక్కున్నాడు. నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. ఆ ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాం. ఆయన ఆ కొడుకు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని అతని చేయి పట్టుకున్నాడు. పాదాల మీద సున్నం అలాగే ఉంది. వాక్యం చెప్పలేదు. అతను ఏదో అంటే ఊ కొట్టాడు, ఏమీ అనకపోతే ఊరుకున్నాడు. లేచే ముందు ఒక చిన్న ప్రార్థన, నా గడియారం ప్రకారం నిమిషం కూడా లేదు. ఆ రాత్రి పుస్తకంలో "పరామర్శ, రెండు గంటలు" అని రాసి, ప్రయోజనం దగ్గర పెన్సిలు ఆపాను. ఏం రాయాలో తెలియలేదు. ఆ ఇంట్లో ఏదో జరిగింది, కానీ అది నా గడిలో పట్టేది కాదు.

గురువారం అసలు సంగతి. ఆట బిగిసింది. అవతలి జట్టు పద్నాలుగు, మనవాళ్లు పదమూడు. సర్వీసు అవతలివాళ్లది. ఖాజా భాయ్ బంతి లేపాడు, దానయ్యన్న ఎగిరి కొట్టాడు. అది వెనక మూల, సరిగ్గా గీత దగ్గర పడింది. అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పాలి: ఆ బంతి ఎక్కడ పడిందో నేను చూడలేదు. ఆయన గాలిలో ఉన్న ఆ ఒక్క క్షణాన్ని చూస్తూ ఉండిపోయాను. కానీ అంపైరు చూడలేదని చెప్పకూడదు కదా. చేతులు పైకెత్తి, "అవుట్" అన్నాను. పదిహేను, పదమూడు. ఆట అయిపోయింది.

"సార్!" అని ఖాజా భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "కండ్లకు నా వెల్డింగ్ అద్దాలు గిన పెట్టుకున్నరా? సున్నం లేసింది సార్, సున్నం!"

"ఖాజా, అంపైర్ అవుటన్నడు," అన్నాడు దానయ్యన్న. "అవుటే. నడువు, చాయ్ తాగుదాం."

ఆయన సైకిలు తోసుకుంటూ ఇద్దరం నడిచి ఇంటికి వెళ్తున్నప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను. "అన్నా, నిజంగ ఏడ పడ్డది?"

"గీత మీద."

"మరి అప్పుడెందుకు అనలే?"

"నిన్ను నిలవెట్టింది నేనే గదా." కొంచెం దూరం పోయాక ఆయనే, "నువ్వు బంతి చూడలే తమ్మీ. నన్ను చూసినవ్. మంచిగనిపించిందా?" అన్నాడు.

మాట మార్చడానికి, నాలుగు రోజులుగా నన్ను తొలుస్తున్నది అడిగాను. "మీరు ఆడ దేవుని మాట ఒక్కటి గూడ ఎత్తరేంది? పన్నెండు మంది ఉంటరు. రోజొక్క మాట చెప్పినా ఎంత లాభం?"

"బంతి ఆడెటప్పుడు బంతే ఆడాలె. ఆట పేరు జెప్పి పిలిచి వాక్యం చెప్తె వాళ్లను మోసం చేసినట్టయితది. నీళ్ల గ్లాసు ముంగట నిలవడితె నీళ్లే చూడాలె. చావింటికి పోతె ఆ మనిషినే చూడాలె. గంతే."

"అయితె ఎందుకు ఆడుతరు?"

ఆయన సైకిలు ఆపాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నాకిష్టం."

నేను ఇంకేదో వస్తుందని ఎదురుచూశాను. ఆరోగ్యానికని, స్నేహానికని, సాక్ష్యానికని. ఏమీ రాలేదు. ఆయన మళ్లీ నడవడం మొదలుపెట్టి, "నీకేమిష్టం తమ్మీ?" అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది. రెండేళ్లుగా దాన్ని ఎవరికీ చెప్పలేదు. పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు నేను పాత రేడియోలు విప్పి బాగుచేసేవాణ్ని. టంకం కరిగే వాసన, చెవిలో గరగరల మధ్య నుంచి ఒక్కసారిగా మనిషి గొంతు రావడం, అంతకన్నా సంతోషం నాకు తెలియదు. ఆ సామానంతా రేకుపెట్టెలో పెట్టి తాళం వేశానని చెప్పాను.

"ఎందుకు?"

"దేవుని కోసం."

"దేవుడు అడిగిండా?"

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను ఆలోచించాను. జాబితా రాసింది నేను. గీత గీసింది నేను. తాళం వేసింది నేను. "లేదు," అన్నాను. ఆయన ఊ కొట్టాడు. బుధవారం ఆ ఇంట్లో కొట్టినట్టే.

ఆ రాత్రికి నాకు ఒకటి తేలిపోయింది: ఆయన పీఠం దిగకూడదు. పడగొట్టడానికి పట్టిక రాసినవాణ్ని నేనే కాబట్టి నిలబెట్టడానికీ పట్టికే రాయాలి. శనివారం మధ్యాహ్నం ఆయన ఒక బోరింగు రాడ్లు పైకి లాగుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. బంతి ఆట వల్ల గుడికి వచ్చినవాళ్ల పేర్లు చెప్పమన్నాను. ఐదుగురుంటే చాలు, ముగ్గురున్నా చాలు, ఎర్ర గీత కొట్టేసి ఆ అంకె రాస్తానన్నాను. ఆయన రాడ్డు నేల మీద పెట్టి నిజాయితీగా ఆలోచించాడు.

"లేరు తమ్మీ."

"ఖాజా భాయ్?"

"ఖాజా మసీదుకు పోతడు. మన గుడికెందుకొస్తడు?"

"పదకొండేండ్లల్ల ఒక్కరు గూడ లేరా?"

"ఒకడొచ్చిండు." నేను పెన్సిలు తీశాను. "పంపు పానా అడుగనీకె వచ్చిండు. తీసుకొని పోయిండు."

"అన్నా, సున్న రాస్తె మిమ్ములను దించుతరు."

"అబద్ధం రాస్తె నేనే దిగాలె. సున్న రాయి. మంచిగ గుండ్రంగ రాయి, నీ చేతిరాత మంచిగుంటది." అని మళ్లీ రాడ్డు అందుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆదివారం ఐదింటికి కమిటీ కూర్చుంది. అదే ఐదుగురు, ఎదురుగా దానయ్యన్న. సుగుణక్క చాయ్ పోసి తన చోట కూర్చుంది. నేను రెండో పట్టిక చదివాను. బాయిలర్, ఆరాధనలు, బోరింగులు, పరామర్శ. బుధవారం దగ్గర ప్రయోజనం గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాను. బంతి దగ్గరికి వచ్చాను. ఆ వారం తొమ్మిదింబావు గంటలు. ఆట వల్ల సంఘంలో చేరినవారు: సున్న. ఇద్దరు పెద్దలు తలలు వంచుకున్నారు. లూకయ్య తాత కళ్లు మూసుకుని వింటున్నాడు. ఏ రోజూ ఏ వివరమూ వదలకూడదన్న నా అలవాటు కొద్దీ ఆటల ఫలితాలు కూడా చదివాను. సోమవారం గెలుపు, పదిహేను, పది. మంగళవారం గెలుపు, పదిహేను, పన్నెండు. బుధవారం ఆట మధ్యలో ఆగింది. గురువారం ఓటమి, పదమూడు, పదిహేను.

"ఆగు," అన్నాడు లూకయ్య తాత. కళ్లు తెరిచాడు. "గురువారం ఓటమేందయ్యా? ఆ బంతి లోపట్నే పడ్డది. సున్నం గింత ఎత్తు లేసింది. నువ్వు కండ్లు మూసుకొని చెయ్యి లేపినవ్!"

సుగుణక్క మెల్లగా అడిగింది.

"తాతా, నువ్వెప్పుడు చూసినవ్?"

లూకయ్య తాత చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "సాక్ష్యం కావాలె గదా. గోదాము గోడ యెనక నిలవడి… సాక్ష్యం కోసమే చూసిన."

"ఎన్ని రోజులు?"

"ఆరు," అన్నాడు తాత. టైమ్ కీపరు కాబట్టి అబద్ధం రాదు. "ఐదుంబావుకు పోయిన. ఏడుకు తిరిగొచ్చిన."

మొదట నవ్వింది దానయ్యన్న. చాయ్ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని, భుజాలు ఊగేలా నవ్వాడు. తరువాత పెద్దలిద్దరూ. సుగుణక్క కొంగు నోట్లో కుక్కుకుంది. లూకయ్య తాత కాసేపు గంభీరంగా ఉండటానికి ప్రయత్నించి, "నిజంగనే లోపట పడ్డదయ్యా" అని మళ్లీ అనేసరికి తనకూ నవ్వు ఆగలేదు. నవ్వు తగ్గాక సుగుణక్క అంది: "నేనొక మాట చెప్త. బంతి ఆడిన దినం ఈయన ఇంట్ల మనిషి లెక్క ఉంటడు. ఆడని దినం నా మీద అంపైర్ చేస్తడు. కమిటీ ఏమన్న రాసుకోండ్రి, నాకైతె బంతి కావాలె."

దానయ్యన్న లేచి నిలబడ్డాడు. అప్పుడు మాత్రం ఆయన ముఖంలో నవ్వు లేదు. "తాతా, అడిగినవ్ గాబట్టి చెప్తున్న. పీఠం మీది. ఉండుమంటె ఉంట, దిగుమంటె దిగుత. దిగినా గీ చాప మీద కూసుంట. బంతి మాత్రం నాది. దానితోని ఎవ్వలకు లాభం లేదు, తమ్మి మంచిగనే రాసిండు. నాకు ఇష్టం, గంతే. ఇష్టమైంది ఒక్కటి గూడ లేని పాస్టరు మీకు సంతోషం గురించి ఏం చెప్తడు?"

లూకయ్య తాత వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. చివరికి నా వైపు తిరిగి, "రాయి సెక్రెటరీ. విషయం వాయిదా" అన్నాడు. తేదీ ఎప్పటికని అడిగాను. "తేదీ రాయకు," అన్నాడు. మినిట్స్ పుస్తకంలో అలాగే రాశాను: వాలీబాల్ విషయం వాయిదా వేయబడినది. నేను సెక్రెటరీగా ఉన్న ఆరేళ్లలో అది మళ్లీ చర్చకు రాలేదు. ఆ మరుసటి వారం నుంచి కోర్టు పక్కన ఒక ఇనుప కుర్చీ చేరింది. అందులో లూకయ్య తాత, ఎండకు గొడుగు. లైన్ దగ్గర నా ఉద్యోగం పోయింది. తన కళ్ల మీద నమ్మకం లేనివాడు పక్కకు జరగాలని తాతే నన్ను తీసేశాడు.

దానయ్యన్న రిటైరై జోగిపేట వైపు వెళ్లిపోయాడు. అక్కడా ఒక చిన్న సంఘం చూసుకుంటున్నాడు. మోకాళ్లు సహకరించక ఎగరడం మానేసి, బంతి లేపి ఇవ్వడం నేర్చుకున్నాడట. నేనిప్పుడు ఒక యూనిట్‌కు మెయింటెనెన్సు చూస్తాను. రెండు ఆదివారాలకోసారి ఒక పల్లెలో వాక్యం చెబుతాను. శనివారం సాయంత్రాలు రేడియోలు విప్పుతాను. బాగుపడినవి అడిగినవాళ్లకు ఇస్తాను, బాగుపడనివి మళ్లీ విప్పుతాను. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ప్రసంగం గురించి ఆలోచించను. ప్రసంగంలో కంప్రెసరు గురించి ఆలోచించకూడదని ప్రయత్నిస్తాను, ఎప్పుడూ కుదరదు. రేడియో ముందు మాత్రం కుదురుతుంది. అక్కడ నేను ఎవరికీ ఏమీ రుజువు చేయనక్కర్లేదు. నా వారాన్ని ఇప్పటికీ గ్రాఫు కాగితం మీద రాసుకుంటాను, అలవాటు పోలేదు. కాకపోతే ఆ పట్టికకు ఇప్పుడు రెండు గడులే: పని, గంటలు. పోయిన వారం రేడియోల వరుసలో ఐదున్నర.